రైడ్ ఎక్కే ముందు ఆ మూసిన గదిలో నిలబడి తీరాలా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారిని, మామయ్యగారిని, మా ఎనిమిదేళ్ల బాబును వెంటబెట్టుకుని గత వేసవిలో ఆర్లాండో వెళ్లాము. డిస్నీవారి యానిమల్ కింగ్‌డమ్‌లో ‘ఫ్లైట్ ఆఫ్ పాసేజ్’ రైడ్ కోసం గంటన్నర క్యూలో నిలబడ్డాము. ఇక ఎక్కడమే తరువాయి అనుకుంటుండగా మమ్మల్ని ఒక గదిలోకి పంపి, తలుపులు మూసి, వీడియో చూపించారు. అది అయ్యాక ఇంకో గది, ఇంకో వీడియో. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఇంగ్లీషు రాదు కనుక ఏం జరుగుతోందో ఆమెకు అర్థం కాలేదు. సాయంత్రం బాబు పట్టుబడితే మళ్లీ వెళ్లాము; మళ్లీ అవే గదులు, అవే వీడియోలు. ఇష్టమున్నవారే చూసేలా ఏర్పాటు చేయవచ్చు కదా అని నేనంటే, కథ తెలియకుండా రైడ్ ఎక్కి ఏం లాభమని మావారు వాదిస్తారు. డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాము. ఎవరి మాట సబబు?
— ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: నా అభిప్రాయం ముందే చెబుతాను. భద్రతకు సంబంధించిన మాటలను రైడ్ ఎక్కబోయే ప్రతి ఒక్కరూ విని తీరాలి. అందులో మినహాయింపు ఉండకూడదు. కథకు సంబంధించిన ప్రీషోను, అంటే ఎక్కే ముందు గదిలో చూపించే ప్రదర్శనను, మాత్రం అందరిచేతా తప్పనిసరిగా చూపించడం కొన్ని రైడ్ల విషయంలోనే న్యాయం, మీరు ఎక్కిన ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ ఆ కొన్నింటిలో లేదు. కాబట్టి మొగ్గు మీవైపే. అయితే ఆ గది అక్కడ ఎందుకుందో తెలిస్తే మీ కోపం కొంత తగ్గవచ్చు, మిగిలినది వేరే చోటికి మళ్లవచ్చు.

చూడడానికి కథ చెప్పే గదిలా ఉన్నా, నిర్వాహకుల లెక్కలో అది జనాన్ని విడతలుగా విడగొట్టే గది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సు సంగతి మీ అత్తయ్యగారికి ఎవరూ చెప్పనక్కరలేదు: లోపల దర్శనం ఎంత త్వరగా సాగుతోందో చూసుకుని ఒక్కో కంపార్టుమెంటునూ వదులుతారు తప్ప, గేటు ముందుగా తీసినంత మాత్రాన ఎవరికీ దర్శనం ముందుగా కాదు. ప్రీషో గదిదీ అదే పని. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌లో సీట్లు వరుసకు పదహారు చొప్పున ఉంటాయి. నేలమీద అంకెలు వేసి, ఒక్కో అంకె దగ్గర ఒక్కొక్కరిని నిలబెట్టింది అందుకే. మీకంటే ముందు వెళ్లినవారు దిగి, సీట్లు ఖాళీ అయి, మీ వంతు వచ్చేదాకా మీరు ఎక్కడో ఒకచోట ఆగవలసిందే. వీడియో తీసేసినా ఆ సమయం మీకు మిగలదు. గది లోపల నిలబడే బదులు బయట నిలబడతారు, అంతే. డబ్బు కట్టి లైట్నింగ్ లేన్‌లో వచ్చినవారు కూడా ఆ గదుల్లోంచే వెళ్లాలన్న సంగతి మీరు గమనించే ఉంటారు. రెండు వరుసలూ ఆ తలుపుల ముందే కలుస్తాయి. అక్కడి నుంచి డబ్బుకు కూడా దగ్గరి దారి లేదు.

ఒక నమూనా లెక్క చూడండి. ఒక గదిలో 60 మంది పడతారని, వీడియో 3 నిమిషాలని, గది నిండి ఖాళీ కావడానికి మరో నిమిషం పడుతుందని అనుకుందాము. గంటకు 15 విడతలు, అంటే 900 మంది. రైడ్ గంటకు 1800 మందిని మోయగలదైతే, అలాంటి గదులు రెండు పక్కపక్కన ఉండి ఒకదాని తరువాత ఒకటి తెరుచుకుంటూ ఉండాలి. ఒక గదిలో ఎవరి బిడ్డో భయపడి ఏడ్చి, తల్లి బయటికి వెళ్లే దారి అడిగి, తలుపు అర నిమిషం ఆలస్యంగా తెరుచుకుంటే, ఆ మేరకు రైడ్ ఖాళీ సీట్లతో తిరుగుతుంది. ఆగకుండా కదిలే బండ్లున్న రైడ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ: బండ్లు ఒకే వేగంతో వస్తూ ఉంటాయి, మనుషులు మాత్రం కెరటాల్లా ఒక్కసారిగా వచ్చిపడతారు. జనాన్ని సర్దడానికి పెట్టిన గదే జనాన్ని ఆపే గది కూడా అవుతుందన్న మాట. ప్రీషోలను సమర్థించేవారు ఈ రెండో సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

తప్పనిసరి అన్నది ఎక్కడ న్యాయమో, ఎక్కడ అలవాటో చెప్పడానికి ‘హాంటెడ్ మాన్షన్’ను మించిన ఉదాహరణ లేదు. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో అది 1969లో మొదలైంది. లోపలికి వెళ్లగానే మిమ్మల్ని ఎనిమిది పలకల గదిలో నిలబెట్టి తలుపు మూస్తారు. గోడలమీద పెద్దపెద్ద చిత్రపటాలు ఉంటాయి. చూస్తుండగానే గోడలు సాగుతున్నట్టు, చిత్రపటాలు కిందికి పొడుగవుతున్నట్టు కనిపిస్తుంది. గొడుగు పట్టుకుని వయ్యారంగా నిలబడిన అమ్మాయి పటం పూర్తిగా సాగేసరికి, ఆమె తెగిపోబోతున్న తాడుమీద నిలబడి ఉందని, కింద మొసలి నోరు తెరుచుకుని ఉందని తెలుస్తుంది. ఇదంతా సరదా కోసమే అనుకుంటాము గాని, నిజానికి ఆ గది ఒక లిఫ్టు. పార్కు చుట్టూ రైలు పట్టాలు ఉన్నాయి; రైడ్‌కు కావలసినంత పెద్ద భవనం కట్టే స్థలం ఆ పట్టాలకు అవతల ఉంది. జనాన్ని భూమి కిందికి దించి, పట్టాల కిందుగా నడిపించి, అవతలి భవనానికి చేర్చాలి. నేల కిందికి దిగుతోందని తెలియకుండా ఉండడానికి గోడలు సాగుతున్న భ్రమ కల్పించారు. అక్కడ ప్రీషో చూడనని ఎవరైనా అంటే, రైడ్ దగ్గరికి వెళ్లే దారిలో వెళ్లనని అన్నట్టే.

రెండేళ్ల తరువాత, 1971లో, అదే రైడ్‌ను ఫ్లోరిడాలో కట్టినప్పుడు జనాన్ని కిందికి దించవలసిన అవసరమే రాలేదు. అయినా ఆ గదిని వదల్లేదు. అక్కడ నేల కదలదు, పైకప్పే పైకి వెళ్తుంది. ప్రేక్షకుడికి రెండు చోట్లా ఒకే అనుభవం. కాని కాలిఫోర్నియాలో ఆ గది భవనానికి అవసరం, ఫ్లోరిడాలో అది ముచ్చట. ఆ ముచ్చట నాకు ఇష్టమే; మొదటిసారి వెళ్లేవారు దాన్ని వదులుకోకూడదని కూడా అంటాను. అయినా నేల దిగని చోట మోకాళ్లు నొప్పెడుతున్న మనిషికో, మూసిన గదిలో ఊపిరి ఆడనట్టు అనిపించే మనిషికో పక్కనుంచి ఒక దారి ఇవ్వడంవల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఇక కథ సంగతి. మీవారి వాదన బలంగా నిలబడే చోటు ‘టవర్ ఆఫ్ టెర్రర్’. 1994లో ఫ్లోరిడాలో మొదలైన ఈ రైడ్‌లో, పాతబడిన హోటలు గ్రంథాలయంలో మిమ్మల్ని నిలబెడతారు. మెరుపు మెరిసి దీపాలు ఆరిపోతాయి. మూలనున్న పాత టీవీ దానంతటదే వెలుగుతుంది. 1939లో ఒక రాత్రి పిడుగు పడి, లిఫ్టులో ఉన్న అయిదుగురు మాయమయ్యారని అందులో ‘ట్విలైట్ జోన్’ టీవీ ధారావాహిక వ్యాఖ్యాత రాడ్ సెర్లింగ్ చెబుతాడు. ఆయన 1975లోనే చనిపోయాడు. పాత దృశ్యాలకు మరొకరి గొంతు జోడించి ఈ ప్రీషో తయారుచేశారు. తరువాత మీ లిఫ్టు పైకి వెళ్లి ఒకచోట తలుపులు తెరుచుకున్నప్పుడు, ఎదుట నడవాలో ఆ అయిదుగురూ కనిపిస్తారు. గ్రంథాలయంలో ఆ రెండు నిమిషాలూ నిలబడని వారికి వారెవరో తెలియదు. ఎవరో కనిపించారు, మాయమయ్యారు, లిఫ్టు పడిపోయింది, అంతే. గదిలో చెప్పిన మాట రైడ్‌లో అక్కరకు వచ్చింది కనుక ఆ గది ఉండవలసిందే.

ఒక ప్రీషోను బేరీజు వేయడానికి నాకు తెలిసిన గీటురాయి ఇదొక్కటే: గదిలో చెప్పినది రైడ్‌లో ఎక్కడైనా తిరిగి కనిపిస్తుందా? 2020 మార్చిలో మొదలైన ‘మిక్కీ అండ్ మిన్నీస్ రన్అవే రైల్వే’లో ఒక కార్టూన్ చూపిస్తారు. కార్టూన్‌లో పేలుడు జరిగి తెరలోనే పెద్ద కన్నం పడుతుంది, ఆ కన్నంలోంచే నడిచి మీరు రైడ్ దగ్గరికి వెళ్తారు. మీ బాబును తప్పకుండా తీసుకువెళ్లండి. ఆ గది కావాలని వాడే మళ్లీ మళ్లీ అడుగుతాడు. ‘స్టార్ వార్స్’ రైడ్ ‘రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్’ విషయంలో ఈ చర్చకే తావు లేదు. గది, విమానం, శత్రునౌకలో సైనికుల బారు, చెరసాల అన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి సాగుతాయి. ప్రీషో ఎక్కడ ముగిసి రైడ్ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

ఈ గీటురాయిమీద ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ తేలిపోతుంది. మొదటి గదిలో మీ ఒంటిమీద పరాన్నజీవులున్నాయేమో చూస్తారు, మీకు తగిన అవతార్‌ను, అంటే ‘అవతార్’ సినిమాలోలా మనిషి మెదడుతో నడిచే నీలి శరీరాన్ని, వెతుకుతారు. రెండో గదిలో ఆ అవతార్‌తో మీ మెదడు ఎలా అనుసంధానం అవుతుందో వివరిస్తారు. రైడ్‌లో జరిగేది ఒక్కటే: కొండలు, సముద్రం, అడవి మీదుగా మీరు ఎగురుతారు. అది ఎంత అద్భుతంగా ఉంటుందంటే, పరాన్నజీవుల సంగతి దిగేసరికి ఎవరికీ గుర్తుండదు. పైగా చెప్పవలసినది ఆ గదులకంటే ముందే చెప్పేశారు. క్యూ దారిలో ప్రయోగశాల గుండా నడిచినప్పుడు, గాజు తొట్టెలో నీళ్లలో తేలుతూ నిద్రలో కదులుతున్నట్టున్న నిలువెత్తు నీలి అవతార్‌ను మీరు చూసే ఉంటారు. ఇంగ్లీషు రాని మీ అత్తయ్యగారికి కూడా ఆ ఒక్క దృశ్యంతో సగం కథ తెలిసిపోవాలి. దాని ముందు ఎంతసేపు ఆగాలో నడిచేవారి ఇష్టం. అంత పని తలుపు మూయకుండా చేయగలిగినవారు, ఆ తరువాత రెండు గదుల్లో అదే సంగతిని మాటల్లో ఎందుకు సాగదీశారంటే, జనాన్ని విడతలుగా ఆపవలసిన సమయాన్ని నింపడానికని నేను అనుకుంటాను. ఆపడం తప్పు కాదు. కుర్చీ వేయకుండా ఆపడం తప్పు.

కథను నడక దారిలోనే చెప్పవచ్చనడానికి అదే పార్కులో ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 2006లో వచ్చిన ‘ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్’ అనే రైలు రైడ్‌కు ప్రీషో గదే లేదు. డిస్నీ రూపకర్త జో రోడీ బృందం హిమాలయ గ్రామాన్ని తలపించేలా ఆ క్యూను తీర్చిదిద్దింది. యాత్రల కార్యాలయం, ‘యెతి’ అనే మంచు మనిషి గుడి, యెతి మ్యూజియం మీదుగా దారి సాగుతుంది. కొండమీద ఏదో ఉందని, అది మనుషులు రావడాన్ని ఇష్టపడదని మ్యూజియంలోని వస్తువులే చెబుతాయి. కావలసినవారు చదువుకుంటారు, అక్కరలేనివారు మాట్లాడుకుంటూ నడుస్తారు. రైలు ఎక్కేటప్పుడు ఎవరికీ కథ తెలియలేదన్న లోటు ఉండదు. డబ్బున్న పార్కులు ఈ దారి పట్టకుండా గదులు కడుతున్నప్పుడు నాకు కొంచెం బద్ధకం కనిపిస్తుంది.

ప్రీషోలు లేకపోతే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. కోవిడ్ కారణంగా మూతపడిన ఫ్లోరిడా డిస్నీ పార్కులు 2020 జులైలో తెరుచుకున్నప్పుడు, మూసిన గదుల్లో జనాన్ని గుమిగూడనివ్వకూడదని చాలా ప్రీషోలను ఆపేశారు. హాంటెడ్ మాన్షన్‌లో ఆ సాగే గది గుండా జనం ఆగకుండా నడిచి వెళ్లారు. 2021లో ప్రీషోలు మెల్లగా తిరిగి వచ్చాయి. ఆ నెలల్లో లోపలికి వదిలే జనాన్నే తగ్గించారు కనుక క్యూ వేగం గురించి అప్పటి అనుభవంతో తీర్పు చెప్పలేము. ఒకటి మాత్రం రుజువైంది: వీటిలో చాలావాటిని ఆపినా రైడ్ నడుస్తుంది. సాధ్యం కాదన్న మాట ఇక చెల్లదు.

మరి కోరినవారికే చూపిస్తే సరిపోతుంది కదా అని మీరంటారు. అందులో ఒక మెలిక ఉంది. చూడనివారిని నేరుగా ముందుకు పంపితే, వారు చూసేవారికంటే ముందు రైడ్ ఎక్కేస్తారు. అది తెలిసిన రెండో రోజు నుంచి ఎవరూ గదిలోకి వెళ్లరు, మొదటిసారి వచ్చినవారు కూడా తొందరలో కథను పోగొట్టుకుంటారు. దానికి విరుగుడు సులభమే. గది పక్కన బెంచీలున్న చిన్న వసారా ఉంచి, చూడనివారిని అక్కడ కూర్చోబెట్టి, తలుపు తెరుచుకోగానే తమ విడతతోనే కలపాలి. ఎవరూ ఎవరికంటే ముందు వెళ్లరు. అలాగే బయటి బోర్డుమీద క్యూ సమయంతోపాటు, లోపల ఎంతసేపు నిలబడాలో, గది చీకటిగా ఉంటుందో లేదో కూడా రాయాలి. టికెట్టుకు అంత సొమ్ము తీసుకునేవారికి ఇది పెద్ద పని కాదు.

భద్రత మాటకు వస్తే నేను ఎవరి పక్షమూ వహించను. డిస్నీవారి మరో పార్కు ఎప్‌కాట్‌లో 2003లో మొదలైన ‘మిషన్ స్పేస్’ గుండ్రంగా వేగంగా తిప్పే యంత్రం. తల వెనక్కి ఆనించి ఉంచండి, చూపు ఎదురుగానే నిలపండి అని ముందే చెబుతారు. విననివారు తల పక్కకు తిప్పితే కడుపులో దేవుతుంది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఎక్కవద్దని పదే పదే హెచ్చరిస్తారు; 2006లో తిప్పడం లేని తేలిక రకాన్ని కూడా విడిగా పెట్టారు. అదే పార్కులోని ‘సోరిన్’లో బెల్టు ఎలా పెట్టుకోవాలో, పొట్టి పిల్లలకు అదనపు పట్టీని ఎలా వాడాలో వీడియోలో చూపిస్తారు. ఇవి వందోసారి వచ్చినవారు కూడా వినవలసినవే. నా ఫిర్యాదల్లా, చాలాచోట్ల ఈ నాలుగు ముక్కలను కథానాయకుల హాస్యం మధ్య కలిపి చెప్పడం గురించే. భాష రానివారికి రెండూ కలిసి గోలగా వినిపిస్తాయి. ఫ్రెంచి, స్పానిష్ వంటి కొన్ని భాషల్లో వినడానికి డిస్నీ పార్కుల్లో చేతి పరికరం ఇస్తారు గాని అందులో తెలుగు లేదు. కాబట్టి మీ అత్తయ్యగారికి, మామయ్యగారికి ఆ మాటలు చెప్పే బాధ్యత మీమీదే పడుతుంది. గదిలో గుసగుసగా అనువదించే బదులు క్యూలో ఉండగానే వివరంగా చెప్పండి: ఏం పట్టుకోవాలి, ఏది వదలకూడదు, కుదుపు ఎప్పుడు వస్తుంది, భయమేస్తే ఏం చేయాలి. ఎక్కే చోటుకు వెళ్లాక కూడా మనసు మారితే సిబ్బందికి చెప్పి పక్కనుంచి బయటికి రావచ్చన్న సంగతి పెద్దవాళ్లకు ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది.

డిసెంబరు ప్రయాణానికి ఇంకొన్ని మాటలు. పండుగ సెలవుల్లో ఆర్లాండోలో జనం విపరీతంగా ఉంటారు కనుక ప్రీషోకంటే క్యూయే మీకు పెద్ద బాధ. బాబు రెండోసారి అడిగితే ఇంటిల్లిపాదీ వెళ్లనక్కరలేదు; వాడితో మీలో ఒకరు వెళ్తే చాలు. మరీ చిన్నపిల్లలున్న స్నేహితులు మీతో వస్తే, ఒకరు బిడ్డతో బయట ఆగి, తరువాత వంతు మార్చుకునే రైడర్ స్విచ్ పద్ధతి ఉందని చెప్పండి. మీవారికి కథమీద అంత మక్కువ కనుక టవర్ ఆఫ్ టెర్రర్, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ ఆయనకు అప్పగించండి. మామయ్యగారికి గుండె ఆరోగ్యం బాగుంటే వెంట వెళ్లవచ్చు. అత్తయ్యగారికి మొదట ఫ్లోరిడా హాంటెడ్ మాన్షన్ చూపించండి. మన పాత బంగళా దెయ్యాల కథల వంటిదే కనుక భాష అడ్డురాదు, బండి మెల్లగా నడుస్తుంది.

ఇక మోకాళ్ల నొప్పి. పెద్దవాళ్లు చక్రాల కుర్చీ అంటే నామోషీగా భావిస్తారని నాకు తెలుసు, అయినా ఈసారి ఆమెను ఒప్పించండి. పార్కు ముఖద్వారం దగ్గరే అవి అద్దెకు దొరుకుతాయి. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ క్యూలోకి, ఆ రెండు గదుల్లోకి కూడా కుర్చీతోనే వెళ్లనిస్తారు. సీటు దగ్గర మాత్రమే లేచి మారాలి. ఆ సీటు మోటారు సైకిలు మీద ముందుకు వంగి కూర్చున్నట్టు ఉంటుంది, కాళ్ల వెనుక నుంచి, నడుము వెనుక నుంచి పట్టు బిగుస్తుంది. మోకాలు పూర్తిగా మడవలేని స్థితి ఉంటే ఆ రైడ్‌నే మానడం మంచిది. మడవగలిగితే, కుర్చీలో కూర్చుని ఆమె ఆ వీడియోలను ఎన్నిసార్లయినా చూడగలరు.